కొలతకు ఒక మనిషి

హిందూపురంలో ఫోటో స్టూడియో పెట్టుకున్న మారప్పకు వారంలో ఆరు రోజులు మనుషులు కనబడతారు. మంగళవారం మాత్రం రాళ్ళే కనబడతాయి. అవి కూడా రోడ్డు పక్కన ఊరి పేరు, కిలోమీటర్లు రాసి పాతిన రాళ్ళు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా అలాంటివి ఎనభై మూడు ఉన్నాయని, ఎనభై మూడింటికీ ఫోటోలు తీసి ఒక పుస్తకంలో అంటిస్తానని 1993లో ఆయన బజారంతా చెప్పాడు. 2003 వచ్చినా ఇంకా తీస్తూనే ఉన్నాడు.

ఆ రాళ్ళ ఫోటోల్లో ప్రతిదానిలోనూ ఒక మనిషి ఉంటాడు. రాయికి మనిషెందుకని ఎవరడిగినా మారప్ప దగ్గర ఒకటే జవాబు.

"కొలతకప్పా. పక్కన మనిషి లేకుంటే రాయి ఎంత ఎత్తుండాదో ఎట్ల తెలుస్తాది?"

ఈ జవాబు మొదట్లో శామ్యూల్‌కు తెగ నచ్చింది. అతను బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి, ఊరి బయట ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తున్నాడు. కొలవకుండా దేన్నీ నమ్మడు. కూతురు పుట్టిన రోజు నుంచి పూటపూటా థర్మామీటరు పెట్టి, గోడకు గ్రాఫు కాగితం అంటించి, పాప ఒంటి వేడిని గీతగా గీస్తున్నవాడు. 1999లో ఆ పాపను ఎత్తుకుని మొదటి ఫోటో కోసం స్టూడియోకు వెళ్ళాడు.

"పక్కన స్కేలు పెట్టి తీస్తావా అన్నా? పొడుగు తెలియాల" అని అడిగాడు.

మారప్ప కెమెరా వెనకనుంచి తల బయటపెట్టి అతన్ని కాసేపు చూశాడు.

"నీకు స్కూటరుండాదా?"

"పాతది ఉండాదన్నా."

"వారం సెలవు ఎప్పుడు?"

"మా ఫ్యాక్టరీకి మంగళవారం."

"కూచో అప్పా, కూచో. కాఫీ తాగుతావా?"

అలా శామ్యూల్ రాళ్ళ పనిలో పడ్డాడు.

మంగళవారమే ఎందుకంటే, ఆ రోజు ఎవరూ పెండ్లి పెట్టుకోరు. పెండ్లి లేని రోజున ఫోటోగ్రాఫర్ స్టూడియోలో కూర్చుని ఈగలు తోలుకోవాలి. ఆషాఢం వచ్చిందంటే నెలంతా అంతే. ఊళ్ళో మిగతా స్టూడియోల వాళ్ళు ఆషాఢంలో మొహాలు వేలాడేసుకుని తిరిగితే, మారప్ప మాత్రం కొత్త పెండ్లికొడుకులా తిరిగేవాడు.

ఆయన భార్య రామలక్ష్మమ్మకు ఈ యవ్వారం ఏమాత్రం గిట్టదు. స్కూటరు చప్పుడు విని వాకిట్లోకి వచ్చి శామ్యూల్‌తో చెప్పేది.

"ధర్మవరం పోయిన మగోళ్ళు పెండ్లానికి పట్టుచీర తెస్తారు. నా మొగుడు ధర్మవరం రాయి తెస్తాడు. నువ్వన్నా జెప్పు శామ్యూలూ."

"చెప్పినా అక్కా. వినడు."

"చెప్పి మళ్ళా నువ్వే స్కూటరు ఎక్కించుకోని పోతాండావు."

శామ్యూల్ తల వంచుకుని స్కూటరు స్టార్టు చేసేవాడు.

మారప్ప పద్ధతి ఏమంటే, రాయికి ఎదురుగా తుమ్మచెట్టు ఏదైనా ఉంటే దాని కింద, లేకపోతే ఎండలోనే, గొడుగు పట్టుకుని కూర్చుంటాడు. కొలత రావాలి. పిలుచుకొచ్చిన మనిషి పనికిరాడు, ఆ దోవన తనంతట తాను పోయే మనిషే కావాలి. మొదటి మంగళవారమే, రెండు గంటలు కూర్చున్నా ఎవరూ రాకపోతే శామ్యూల్ లేచి రాయి పక్కన నిలబడ్డాడు.

"తీయన్నా. నా ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. లెక్క కూడా సులభం."

"నువ్వు పక్కకు రా. నువ్వు కొలతకు పనికిరావు."

"ఏంటికి?"

"నీ పెండ్లి ఆల్బం నేను చూసినా. నూట ఇరవై ఫోటోలుండాయి దాంట్లో."

"నా పెండ్లి ఆల్బానికీ రాయి ఎత్తుకీ ఏం సంబంధం?"

"ఉండాది. కొలత పాడైతాది."

చివరకు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. మారప్ప లేచి ఎదురెళ్ళాడు.

"ఏమ్మా, ఒక నిమిషం ఈ రాయి కాడ నిలబడు."

"నాకు ఫోటోలు ఏంటికి సామీ? నాకొద్దు."

"నీ ఫోటో ఎవురు తీస్తాండారమ్మా? రాయిది. నువ్వు ఊరికే కొలతకి."

ఆమె కాసేపు రాయినీ ఆయన్నీ చూసింది. తనది కాదంటే కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కూడా అనిపించింది. మోపు దించి నిలబడింది.

"కొంగు సర్దుకో. చెమట తుడుచుకో."

"రాయి ఫోటోకి నా చెమట అడ్డమా సామీ?"

"కొలత నీటుగా ఉండాల. ఆ, రెండడుగులు ముందుకు రా. ఇంగొకటి. ఆఁ, ఆడ్నే."

శామ్యూల్‌లోని సైన్సు ఇక ఊరుకోలేకపోయింది. "అన్నా, కొలత రాయి పక్కనే ఉండాల గదా. ఇంత ముందుకొస్తే మనిషి పెద్దగా, రాయి చిన్నగా పడతాది. లెక్క తప్పు."

"రాయికి గాలి ఆడాలప్పా" అని మారప్ప కెమెరా నొక్కాడు.

పోనీ వారానికొక రాయి లెక్కన రెండేళ్ళలో అయిపోవలసిన పని. కాదు. ఒకసారి తీసిన రాయి దగ్గరికే మళ్ళీ పోయేవాడు. సోమందేపల్లి దాటినాక ఒక రాయి ఉంది, దానికి పదకొండు ఫోటోలు తీశాడు, పదకొండుమంది కొలతలతో.

"మళ్ళా ఇదేనా?" అనేవాడు శామ్యూల్.

"పోయినసారి రాయి సరిగ్గా రాలేదు."

"రాయి కదిలిందా అన్నా?"

"ఏమో అప్పా. రాళ్ళని నమ్మలేం."

దారిలో సోమందేపల్లిలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ మారప్ప ఖర్చు. పెనుకొండలో ఎస్.టి.డి. బూత్ శామ్యూల్ ఖర్చు. బూత్ కనబడగానే స్కూటరు ఆపి పక్కింటికి ఫోను చేసి, భార్య నిర్మలను పిలిపించి, పాపకు ఉదయం తొంభై ఎనిమిది పాయింట్ ఆరు ఉంది, ఇప్పుడెంత అని అడిగేవాడు. "ఆడుకుంటాంది, అంతుంది" అని నిర్మల పెట్టేసేది. అంత అంటే ఎంతో తెలియక శామ్యూల్ మిగతా దోవంతా మథనపడేవాడు.

వానలు పడీ, ఎండలు మండీ, మూడు మంగళవారాలు వరసగా ఒక్క మనిషి కూడా రాకుండా తిరిగొచ్చిన రోజున ఒకసారి శామ్యూల్ విసుక్కున్నాడు. "నీకు విసుగు పుట్టదా అన్నా? ఇంకా ఎన్ని మిగిలుండాయో ఎప్పుడన్నా లెక్క పెట్టినావా?"

"లెక్క పెడితే ఇంటికి పోయి పడుకోబుద్ధి అయితాది. నేను ఈ వారం రాయి ఏదో అంతే చూసుకుంటా." మారప్ప బజ్జీ తుంచి నోట్లో వేసుకున్నాడు. "ఇంగొకటి చెప్తా విను. హుషారుండి పోయినామనుకో, అది షికారు. హుషారు లేనప్పుడు కూడా పోతే అప్పుడు అది పని."

ఇలా చెబుతూనే ఎనభై రెండు రాళ్ళు పూర్తి చేశాడు. మిగిలింది ఒకటే. పెనుకొండ దాటినాక 'ధర్మవరం 26' అని ఉండే రాయి. పదేళ్ళుగా అది లొంగలేదు, ఎందుకంటే దాని మీద హనుమక్క కూర్చుని ఉంటుంది.

హనుమక్కకు డెబ్బై దాటాయి. ఆరు మేకలు ఉన్నాయి. రోడ్డుకు అవతల గుట్ట కింద ఆమె ఊరు, పాతిక ఇళ్ళు. పొద్దున మేకలను రోడ్డు పక్క బీడులోకి వదిలి వచ్చి ఆ రాయి మీద కూర్చుంటే మళ్ళీ పొద్దు వాలినాకే లేచేది.

"అవ్వా, కొంచెం దిగి పక్కన నిలబడు. రాయిని తీసుకోవాల."

"నేను దిగను."

"పోనీ రాయి మీదనే కూచో. కొలతకు అట్లయినా పరవాలేదు."

"ఫోటోలో పడితే ఆయుస్సు తగ్గుతాదంట. నేను పడను."

"ఇప్పటికి నీకు ఎన్నేండ్లవ్వా?"

"తీయించుకోకపోబట్టే ఇన్నేండ్లు వచ్చినాయి" అని హనుమక్క మేకను అదిలించేది.

ఏడాదికి రెండుమూడు సార్లు పోయి అడగడం, ఆమె దిగకపోవడం, ఆమె పెట్టే సంగటి ముద్ద తిని తిరిగి రావడం. అంతే ఆ రాయితో మారప్పకు ఉన్న సంబంధం.

2003 చివర్లో శామ్యూల్ ఒక మంచి పని చేద్దామనుకుని చెడగొట్టాడు. అనంతపురంలో ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని పేపర్లో చదివి, మారప్పను బతిమాలి, పుస్తకంలోంచి ఇరవై ఫోటోలు పంపించాడు. నెలకు అవి తిరిగి వచ్చాయి. వాటితో జడ్జి రాసిన కాగితం ఒకటి. శామ్యూల్ స్టూడియోలోనే పైకి చదివాడు.

"విషయం కొత్తది. కానీ ఏ ఒక్క ఫోటోలోనూ రాయి స్పష్టంగా లేదు. అన్నిట్లోనూ మసకగా ఉంది. ఫోటోగ్రాఫర్‌కు రాళ్ళ మీద ఆసక్తి ఉన్నట్టు కనబడదు."

 మారప్ప ఆ కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వచ్చే మంగళవారం శామ్యూల్ స్కూటరు తెస్తే, "నడుము పట్టుకుందప్పా" అన్నాడు. పై మంగళవారం కాలు. ఆ పై మంగళవారం, నొప్పి పెట్టడానికి ఇంకేమీ తోచక, "బుద్ధి పుట్టడంలే" అన్నాడు. పదేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. రామలక్ష్మమ్మ కూడా కంగారు పడింది. "ఏమన్నా చేయప్పా, మంగళవారం కూడా ఇంట్లో ఉంటాండాడు మనిషి" అని శామ్యూల్‌ను నిలదీసింది.

అప్పుడే రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. పెనుకొండ అవతల యంత్రాలు దిగాయని, చెట్లు కొట్టేస్తున్నారని, దోవలో ఉన్న రాళ్ళన్నీ పీకేస్తున్నారని బస్సు డ్రైవర్లు చెప్పారు. ఒక్క రాయి. ఇంకో నెల పోతే అది ఉండదు. పదేళ్ళ పని ఎనభై రెండు దగ్గర ఆగిపోతుంది, దానికి కారణం తాను పంపించిన ఇరవై ఫోటోలు. శామ్యూల్‌కు అన్నం సహించలేదు. పాపతోబాటు తనకూ థర్మామీటరు పెట్టుకుని చూసుకున్నాడు. మామూలుగానే ఉంది.

ఆ శనివారం అతను స్టూడియోలో కూర్చుని ఉండగా ఒకామె వచ్చింది. పేరు గోవిందమ్మ అని చెప్పింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మా నాయన పోయి తొమ్మిది దినాలాయ సామీ. పోతులయ్య. దినానికి దండేసేకి ఒక ఫోటో కూడా లేదు. ఎప్పుడో రోడ్డు మీద ఎవురో హిందూపురమాయప్ప తీసినాడని చెప్పేవాడు."

"నాకాడ మనుషుల ఫోటోలు లేవమ్మా, రాళ్ళవే ఉండాయి" అన్నాడు మారప్ప. కానీ అప్పటికే లేచి నిలబడ్డాడు. "మీ ఊరికి దగ్గర ఏ రాయి?"

"ఇరవై ఏడు."

ఆయన చెక్కపెట్టె తెరిచాడు. దాన్నిండా కవర్లు, కవరు మీద రాయి నంబరు. 'ధర్మవరం 27' తీసి బల్ల మీద పరిచాడు. ఆరు ఫోటోలు, ఆరుగురు మనుషులు. గోవిందమ్మ నాలుగోదాని మీద చెయ్యి పెట్టింది. భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన, ముందు పళ్ళు రెండు లేవు, అయినా నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆయన వెనక తెల్లగా ఏదో మచ్చ. అది రాయని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

మారప్ప దాన్ని పెద్దది చేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాడు. ఆమె చీర కొంగు ముడి విప్పబోతే వద్దన్నాడు.

"రాయి ఫోటోకి దుడ్లు తీసుకుంటే ఊర్లో నవ్వుతారమ్మా."

ఆమె పోయినాక శామ్యూల్ భూతద్దం తీసుకుని ఆ పెట్టెలో కవర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. వరసగా నలభై ఫోటోలు చూశాడు. నలభైలోనూ రాయి మసక, మనిషి అద్దం. నలభై ఒకటోది చూడలేదు. ఫ్యాక్టరీ ల్యాబులో అయితే ఇంతకన్నా తక్కువ శాంపిళ్ళకే రిపోర్టు రాసేస్తారు.

"మారప్పన్నా, నువ్వు రాళ్ళు తీయలేదు."

మారప్ప చాలాసేపు లెన్సు తుడిచాడు. "తొంభై మూడులో ఒకాయన వచ్చినాడు. వాళ్ళమ్మ పోయింది. ఆయమ్మ ఉండే ఫోటో ఒకటే, ఎవురిదో పెండ్లిలో గుంపుగా తీసింది. ముందర ఎవురో పెద్దాయన నిలబడినాడు. ఆయమ్మది మోచెయ్యి కనబడతాది, అంతే. ఆ మోచెయ్యినే పెద్దది చేసి ఇమ్మన్నాడు."

"ఇచ్చినావా?"

"ఇచ్చినా. దండేసి గోడకు పెట్టుకున్నాడు."

శామ్యూల్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు.

"నీ ఫోటో తీస్తా రా అంటే ఎవురొస్తారు శామ్యూలూ? ఊరికే ఇస్తానంటే ఇంగా అనుమానం. రాయిదంటే నిలబడతారు. పేర్లు అడిగితే బెదురుతారు, అందుకే రాయి నంబరు రాసుకుంటా. ఆ దోవన పోయేటోడు ఆ చుట్టుపక్కలోడే అయి ఉంటాడు గదా."

"మరి ఇప్పుడేమైంది? ఇన్నేండ్లు పోయినోడివి, ఒక జడ్జి మాటకు పండుకుంటావా?"

"ఆయప్ప చెప్పింది నిజం గదప్పా. నా రాయి దొంగ రాయని కాగితం మీద రాసి పంపినాడు. ఆయప్ప కనుక్కున్నాడంటే ఇంగ అందరూ కనుక్కుంటారు. ఏ మొహం పెట్టుకోని కొలతకు నిలబడమని అడగాల? దానం చేసేకి వచ్చినాడనుకుంటే మొహాన కొడతారు."

శామ్యూల్ ఆలోచించాడు. "జడ్జి ఉండేది అనంతపురంలో. హనుమక్క ఉండేది ఇరవై ఆరో రాయి కాడ. వాళ్ళిద్దరూ యాడ కలుస్తారన్నా?"

ఈ లెక్క మారప్పకు సరిగ్గా ఉన్నట్టు తోచింది. మంగళవారం బయల్దేరారు. శామ్యూల్ పెనుకొండలో బూత్ దగ్గర స్కూటరు ఆపలేదు. ఆపలేదన్న సంగతి అతనికి నాలుగు కిలోమీటర్లు పోయినాక గుర్తొచ్చింది.

పోయేసరికి రాయి లేదు. ఉన్నచోట మోకాటిలోతు గుంత, దాంట్లో ఎర్రమట్టి. పీకిన రాళ్ళన్నీ దూరంగా కంకర పక్కన కుప్పగా పడి ఉన్నాయి. ఆ గుంత పక్కన గట్టు మీద హనుమక్క కూర్చుని ఉంది. తలకు నూనె పెట్టి దువ్వుకుంది. మడతలు పోని చీర కట్టుకుంది. మేకల్లో ఒకదానికి మెడలో కొత్త తాడు. ఆమె వెనక ఊరివాళ్ళు ఎనిమిదిమంది, అందరూ తలలు తడిపి దువ్వుకుని ఉన్నారు.

"పొద్దున్నించి చూస్తాండాం. మూడు మంగళారాలు యాడికి పోయినావప్పా?" అంది హనుమక్క.

"నడుము నొప్పవ్వా."

"సరే, తీయ్."

మారప్ప గుంతను చూశాడు. "దేన్ని తీయాలవ్వా? రాయి లేదే."

"నన్ను తీయ్."

"ఆయుస్సు తగ్గుతాదంటివే."

"ఇరవై ఏడో రాయి పోతులయ్య ఇంటికి దినానికి పోయినా. గోడ మీద నవ్వుతాండాడు. బతికినన్నాళ్ళూ వాడు అంత బాగా నవ్వింది నేను చూడలేదు. నాక్కూడా అట్లాంటిది ఒకటి కావాల. మేక కూడా పడాల."

మారప్ప మెడ తడుముకున్నాడు. "రాయి లేకుండా ఎట్లవ్వా? నేను తీసేది రాళ్ళు. నువ్వు కొలతకి."

హనుమక్క వెనక్కి తిరిగి ఊరివాళ్ళను చూసింది. వాళ్ళు నేల చూశారు. ఒకడు దగ్గాడు.

"ఏమప్పా మారప్పా, పదేండ్లు రాయి తీసేకి వస్తివి. ఒక్కసారన్నా రాయి మొగం చూస్తివా? కొంగు సర్దుకో, మొగం కడుక్కో అని మమ్మల్ని సతాయిస్తివి. రాయికి ఎప్పుడన్నా నీళ్ళు పోస్తివా? ఈ దోవన నువ్వు రాళ్ళు తీస్తాండావని అనుకునేటోడు ఎవుడూ లేడు. ఊరికే తీసి ఇస్తాండానని చెప్పేకి నీకు సిగ్గు. పాపం పోనీలే అని మేమే కొలతకు నిలబడినాం."

మారప్ప గొడుగు ముడిచాడు, మళ్ళీ తెరిచాడు. శామ్యూల్ రోడ్డు అవతల ఏదో కనబడినట్టు అటు తిరిగాడు.

"అయినా," అన్నాడు మారప్ప చివరకు, గొంతు సవరించుకుని, "రాయి లేకుండా నాకు చెయ్యి ఆడదవ్వా."

ఆమె చెయ్యి ఊపింది. ఎనిమిదిమందిలో నలుగురు కుప్ప దగ్గరికి పోయారు. మట్టి కొట్టుకుపోయిన రాయినొకదాన్ని దొర్లించి, మోసి, రొప్పుతూ తెచ్చి నిలబెట్టారు. శామ్యూల్ వంగి మట్టి తుడిచి చూశాడు.

"అన్నా, ఇది ఇరవై ఆరు కాదు. ముప్పై నాలుగు. ఇది మనం ఎప్పుడో తీసేసినాం."

హనుమక్క మేకను దగ్గరికి లాక్కుంది. "నాకు అక్షరాలు రావు. ఆయప్పకు రాళ్ళు రావు. సరిపాయ. తీయమను."

మారప్ప కెమెరా కంటికి ఆనించాడు. రాయి పట్టుకున్నవాళ్ళకు చేతులు పడిపోతున్నాయి.

"అన్నా, దీన్ని అవ్వకు ఈ పక్క పెట్టాలా, ఆ పక్క పెట్టాలా?" అని ఒకడు అరిచాడు.

"యాడైనా పడెయ్యండప్పా" అన్నాడు మారప్ప, హనుమక్క మొహం మీదినుంచి కన్ను తీయకుండా. "రాయిదేముండాది."